నిద్రపోయినప్పుడు ‘నేను’ ఏమవుతున్నాను?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నా వయసు 38 ఏళ్లు. కొన్ని నెలల కిందట నాకు చిన్న ఆపరేషన్ జరిగింది. బల్ల మీద పడుకోబెట్టి, ‘ఏమీ భయం లేదు, కాసేపు నిద్రపుచ్చుతాం’ అన్నారు. అంకెలు లెక్కపెట్టమన్నారు. నాలుగో ఐదో అన్నట్లు గుర్తు. కళ్లు తెరిచేసరికి వేరే గదిలో ఉన్నాను. అప్పటికి రెండు గంటలు గడిచాయట. నాకు మాత్రం ఆ రెండు గంటలు లేనే లేవు. అప్పటి నుంచి రాత్రి పడుకోగానే ఒకటే ఆలోచన: ఇప్పుడు కళ్లు మూస్తే మళ్లీ అలాగే లేకుండా పోతానా? నిద్ర పట్టే క్షణాన్ని ఒక్కసారైనా పట్టుకోవాలని కాపు కాస్తున్నాను. దొరకడం లేదు. సరిగ్గా పట్టబోతుందనగా ఒళ్లంతా ఒక్క కుదుపు కుదిపి, గుండె దడదడలాడుతూ మెలకువ వచ్చేస్తుంది. తెల్లవార్లూ నిద్ర లేదని నేను అంటే, ‘గంటల తరబడి గురక పెట్టారు’ అని మా ఆవిడ నవ్వుతుంది. నిద్రను లెక్కగట్టే వాచీ కూడా కొని చేతికి పెట్టుకున్నాను. పొద్దున్నే దాని అంకెలు చూసుకుంటే దిగులు ఇంకా పెరుగుతోంది. ఉదయం లేచే మనిషి రాత్రి పడుకున్న మనిషేనని నమ్మకం ఏమిటన్న ప్రశ్న కూడా పీడిస్తోంది. ఇది పిచ్చికి మొదలా? నిద్రమాత్రలు వాడమంటారా?
— ఒక పాఠకుడు

సమాధానం: పిచ్చి కాదు. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది మీరు స్థిమితంగా చదువుతారు. ఇక ఆపరేషన్ సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మీ భయానికి పునాది పడింది అక్కడే.

రోగి కంగారుపడకూడదని డాక్టర్లు ‘నిద్రపుచ్చుతాం’ అంటారు. మంచి ఉద్దేశంతో అన్న మాటే అయినా, మీ విషయంలో అది పెద్ద గందరగోళానికి దారి తీసింది. మత్తుమందు ఇచ్చేది నిద్ర కాదు. ప్రొపొఫాల్ లాంటి మందులు మెదడులో గాబా అనే రసాయనం ప్రభావాన్ని బలంగా పెంచి, నాడీకణాల మధ్య సాగే సంభాషణను అణచివేస్తాయి. కత్తి పడ్డా మెలకువ రాదు. పేరు పెట్టి పిలిచినా, కుదిపినా లేవరు. శ్వాస సరిగా ఆడుతోందా లేదా అని పక్కన ఒక డాక్టరు కనిపెట్టుకుని ఉండాలి. మత్తు బాగా లోతుగా ఉంటే, మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ కాగితం మీద తరంగాలు కాసేపు చదునుగా పడిపోయి, ఒక్కసారిగా ఎగసి, మళ్లీ పడిపోవడం కనిపిస్తుంది. ఆరోగ్యవంతుడి మామూలు నిద్రలో ఏ దశలోనూ అలాంటి గీత రాదు. నిద్రకు ఉండే దశలు, వాటి వంతులు మత్తులో ఉండవు. అందుకే మత్తు నుంచి తేరుకున్నవారికి కాలం గడిచినట్లే అనిపించదు. రాత్రి నిద్ర అలా కాదు. గడియారం చూడకుండానే చాలాసేపు పడుకున్నామని మనకు తెలుస్తుంది. మీకు ఆ రెండు గంటలు లేకపోవడం నిజమే. ఆ అనుభవాన్ని తెచ్చి ప్రతి రాత్రికీ అంటగట్టడమే పొరపాటు.

అయితే ‘నిద్ర పట్టే క్షణం దొరకడం లేదు’ అన్నారు చూడండి, అది చాలా మంచి పరిశీలన. మీకు దొరకనిది ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. దానికి కారణాలు ఉన్నాయి.

మనిషి మెదడులోని విద్యుత్ తరంగాలను జర్మనీ వైద్యుడు హన్స్ బెర్గర్ 1924లో మొదటిసారి నమోదు చేశాడు. 1929లో ప్రచురించాడు. మెలకువగా ఉండి కళ్లు మూసుకున్నవారిలో సెకనుకు 8 నుంచి 13 సార్లు ఊగే ఆల్ఫా తరంగాలు ఆయనకు కనిపించాయి. నిద్ర ముంచుకొస్తున్నప్పుడు ఈ ఆల్ఫా ఒక్కసారిగా ఆగిపోదు. తెగుతుంది, మళ్లీ కలుస్తుంది, మళ్లీ తెగుతుంది. కనురెప్పల కింద గుడ్లు మెల్లగా అటూ ఇటూ దొర్లుతాయి. ఆలోచనలు వాక్యాల రూపం వదిలేసి బొమ్మలవుతాయి: ఎవరిదో ముఖం, మెట్లు, ఎవరో అన్న అర్థంలేని మాట. నిద్ర మొదటి దశ ఇదే. ఈ దశలో ఉన్నవారిని లేపి ‘నిద్రపోయారా?’ అని అడిగితే చాలామంది లేదనే అంటారు. ఇంకాస్త ముందుకు వెళ్లి, నిద్ర కదుళ్లు అని పిలవదగిన చిన్న చిన్న తరంగాల గుత్తులు కనిపించే రెండో దశలో లేపినా కొందరు ‘మెలకువగానే ఉన్నాను, ఏదో ఆలోచిస్తున్నాను’ అని గట్టిగా చెబుతారు. నిద్రలేమితో బాధపడేవారిలో ఇది మరీ ఎక్కువ. మీ ఇంట్లో జరుగుతున్న తగాదా ఇదే. గురక విన్న మీ ఆవిడ అబద్ధం చెప్పడం లేదు, నిద్ర లేదన్న మీరూ అబద్ధం చెప్పడం లేదు. నిద్రలోనూ కొంత ఎరుక మిగిలి ఉన్నందువల్లే మీకు అది మెలకువలా తోస్తోంది. ‘నిద్రపోతే నేను ఉండను’ అని భయపడుతున్న మనిషి, నిద్రలో ఉండి కూడా ‘నేను మేలుకునే ఉన్నాను’ అంటున్నాడు. మీ భయానికి మీరే సమాధానం చెప్పుకుంటున్నారు, గమనించారో లేదో.

రెండో కారణం ఇంకా ఆసక్తికరమైనది. 1994లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, నిద్రలోకి జారుతున్నవారికి కొద్ది కొద్ది వ్యవధిలో మాటలు వినిపించారు. నిద్ర పట్టిన అర నిమిషానికే కొందరిని లేపారు. ఇంకొందరిని పది నిమిషాలు నిద్రపోనిచ్చి లేపారు. అర నిమిషానికే లేచినవారికి నిద్రకు ముందు విన్న మాటలు బాగానే గుర్తున్నాయి. పది నిమిషాలు పడుకున్నవారికి మాత్రం, నిద్ర పట్టడానికి ముందరి కొద్ది నిమిషాల్లో మెలకువగా ఉండి విన్న మాటలు కూడా పోయాయి. అంటే నిద్ర తాను వచ్చిన దారిలోని అడుగుజాడలను వెనక్కి తిరిగి చెరిపేస్తుంది. మీరు ఎంత శ్రద్ధగా కాపు కాసినా, ఆ క్షణం మీ కళ్లెదుటే గడిచినా, అది గుర్తుండే అవకాశం లేదు. ఒక్క దారి ఉంది, నిద్ర పట్టిన వెంటనే లేచిపోవడం. మీరు చేస్తున్నది అదే, ఒళ్లంతా కుదిపే ఆ మెలకువతో.

ఆ కుదుపు గురించి కూడా రెండు మాటలు. నిద్రలోకి జారేటప్పుడు కండరాలు ఒక్కసారిగా బిగుసుకుని ఒళ్లు ఎగరడం చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే. ఎత్తు నుంచి పడిపోతున్నట్లు కూడా అనిపిస్తుంది. అలసట, ఆందోళన, కాఫీలోని కెఫీన్ దాన్ని పెంచుతాయి. దానంతట అది ప్రమాదకరం కాదు. మీరు దాన్ని ‘చావు నుంచి తప్పించుకున్న క్షణం’గా చదువుకుంటున్నారు కాబట్టి గుండె దడ తోడవుతోంది.

నిద్ర పట్టాక ఏమవుతోందన్నది మీ అసలు ప్రశ్న. దీపం ఆర్పినట్లు మనసు ఆరిపోతుందని ఒకప్పుడు శాస్త్రవేత్తలూ అనుకునేవారు. 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియెల్ క్లైట్‌మన్ ఆ నమ్మకాన్ని దెబ్బకొట్టారు. అసెరిన్‌స్కీ ఒక పాత యంత్రంతో, ఎనిమిదేళ్ల తన కొడుకుకే తీగలు తగిలించి, రాత్రంతా కాగితం మీద గీతలు చూస్తూ కూర్చునేవాడు. నిద్రపోతున్న పిల్లవాడి కళ్లు ఉన్నట్టుండి మెలకువలో లాగా చకచకా కదలడం చూసి యంత్రం పాడైందేమోనని అనుమానపడ్డాడు. యంత్రం బాగానే ఉంది. అలా బయటపడిందే రెమ్ నిద్ర, అంటే కళ్లు చకచకా కదిలే నిద్ర. ఆ సమయంలో లేపితే ఎక్కువమంది, దాదాపు నూటికి 80 మంది, స్పష్టమైన కల చెబుతారు. నిద్ర దశలన్నీ ఒకసారి వచ్చి వెళ్లే ఒక్కో చక్రం సుమారు 90 నిమిషాలు. రాత్రికి నాలుగైదు చక్రాలు. పెద్దల్లో మొత్తం నిద్రలో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఈ రెమ్ నిద్రే ఉంటుంది, అదీ తెల్లవారుజాముకు చేరేకొద్దీ ఎక్కువగా. తరువాతి పరిశోధకులు రెమ్ కాని దశల్లోనూ నిద్రపోయేవారిని లేపి చూశారు. అక్కడా ఆలోచనలు, బొమ్మలు, కొన్నిసార్లు పూర్తి కలలే దొరికాయి. కాబట్టి ఉదయం ‘ఏమీ లేదు’ అనిపించడం రాత్రి గురించి చెప్పే సాక్ష్యం కాదు. అది జ్ఞాపకం గురించి మాత్రమే చెబుతుంది.

నిద్రలో ఉన్న మనిషికి తాను నిద్రలో ఉన్నానని తెలియడం కూడా సాధ్యమే. 1975లో ఇంగ్లండ్‌లో కీత్ హర్న్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తన కల కలేనని కలలోనే గుర్తించగల ఒక వ్యక్తితో ముందే ఒప్పందం చేసుకున్నాడు: కలలో ఆ సంగతి తెలియగానే కళ్లను ఎడమకు, కుడికి ఇన్నిసార్లు తిప్పాలి. రెమ్ నిద్రలో శరీర కండరాలు దాదాపు అన్నీ పట్టు వదిలేసి ఉంటాయి కానీ కళ్లు కదులుతాయి కదా. ఆ సంకేతం యంత్రం మీద స్పష్టంగా నమోదైంది. 2021లో నాలుగు దేశాల ప్రయోగశాలలు కలిసి ఇంకొక అడుగు వేశాయి. రెమ్ నిద్రలో ఉండి, అది కలేనని తెలిసిన మనిషిని ‘ఎనిమిదిలోంచి ఆరు తీసేస్తే ఎంత?’ అని బయట నుంచి అడిగితే, కళ్లు రెండుసార్లు తిప్పి ‘రెండు’ అని జవాబిచ్చాడు. అడిగిన ప్రతిసారీ అందరూ చెప్పలేదు. చాలా ప్రయత్నాల్లో జవాబే రాలేదు. వచ్చిన ఆ కాసిన్ని జవాబులే చాలు, నిద్ర అంటే మనిషి మాయమైపోవడమన్న మాట నిలవదని చెప్పడానికి.

మరి కలలు కూడా లేని గాఢ నిద్ర? ఇక్కడ మిమ్మల్ని ఊరడించడానికి నేను అబద్ధం చెప్పను. రాత్రి మొదటి భాగంలో పెద్ద పెద్ద నెమ్మది తరంగాలు వచ్చే దశలో లేపితే, కొందరు ‘ఏమీ లేదు’ అనే అంటారు. 2005లో మార్సెల్లో మస్సిమీని, జూలియో తొనోనీ బృందం ఒక ప్రయోగం చేసింది. మెదడులో ఒక చోట పై నుంచే అయస్కాంత శక్తితో చిన్న తాకిడి ఇచ్చి, అది ఎంత దూరం పాకుతుందో చూశారు. మెలకువలో ఆ అలజడి దూరదూర ప్రాంతాలకు వ్యాపించింది. గాఢ నిద్రలో మొదట తాకిన చోటే చెలరేగి, అక్కడే అణగారిపోయింది. మెదడు పనిచేస్తూనే ఉంది, దాని భాగాల మధ్య మాటలు తగ్గాయి. స్పృహకు కావలసింది బహుశా ఆ పరస్పర సంభాషణేనని ఈ పరిశోధకుల అభిప్రాయం. నాకది సబబుగానే అనిపిస్తుంది, అందరూ ఒప్పుకున్న సిద్ధాంతం కాకపోయినా.

ఈ ప్రశ్న ప్రయోగశాలల కంటే చాలా పాతది. జాగ్రత్, స్వప్న, సుషుప్తులను, అంటే మెలకువను, కలను, గాఢ నిద్రను మాండూక్యోపనిషత్తు విడివిడిగా లెక్కపెట్టింది. గాఢ నిద్ర నుంచి లేచినవాడు ‘హాయిగా నిద్రపోయాను, ఏమీ తెలియలేదు’ అంటాడు కదా, ఏమీ తెలియలేదన్న సంగతి ఎవరికి తెలిసింది అని వేదాంతులు నిలదీశారు. తెలిసినవాడు ఒకడు అక్కడ ఉండబట్టే గుర్తుందని వాళ్ల వాదన. న్యాయ దర్శనాన్ని అనుసరించే తార్కికులు, అంటే నైయాయికులు ఒప్పుకోలేదు. అది జ్ఞాపకం కాదు, లేచాక ఒళ్లు తేలికగా ఉండటం చూసి చేసుకునే అనుమానం, అంటే ఊహించి తేల్చుకోవడం అన్నారు. పతంజలి అయితే నిద్రను మనసు ఆగిపోవడంగా కాక మనోవృత్తుల్లో ఒకటిగానే చేర్చాడు. ఈ పంచాయితీ ఇంకా తెగలేదు, ఇప్పుడు మెదడు శాస్త్రవేత్తలూ వచ్చి అందులో కూర్చున్నారు. మీకు నచ్చిన పక్షం మీరు తీసుకోండి. ఇన్ని పక్షాల్లో ఏ ఒక్కటీ నిద్రపోయిన మనిషి రద్దయిపోయి తెల్లారేసరికి కొత్త మనిషి పుడతాడని అనలేదు.

‘లేచేది నేనేనా?’ అన్నదానికి 1890లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త విలియమ్ జేమ్స్ ఒక చక్కని ఉదాహరణ ఇచ్చాడు. పీటర్, పాల్ ఒకే మంచం మీద పడుకున్నారు. ఇద్దరికీ ఎరుక తెగింది. ఉదయం లేచాక పీటర్ మనసు వెనక్కి చేయి చాచి నిన్నటి పీటర్ ఆలోచనల ప్రవాహాన్నే అందుకుంటుంది, పొరపాటున కూడా పాల్‌ది అందుకోదు. పాల్ రాత్రి ఏమి ఆలోచించాడో పీటర్‌కు ఎవరైనా చెప్పవచ్చు, కానీ అది విన్న విషయమే అవుతుంది, తనదన్న ఆ వెచ్చదనం దానికి ఉండదు. మీ సంగతే చూడండి. రాత్రి భయపడినదాన్ని ఉదయం లేవగానే అక్కడి నుంచే అందుకుని మళ్లీ భయపడుతున్నారు. కొత్త మనిషే లేచి ఉంటే ఈ పాత దిగులు అతనికి ఎందుకు?

కాపు కాయడం మానేస్తే ఏదైనా జరుగుతుందేమోనన్న భయం మీ అక్షరాల వెనక కనిపిస్తోంది. మీరు మానేసినా కాపలా ఆగదు. 1960లో ఇయాన్ ఆస్వాల్డ్, ఆయన సహచరులు నిద్రపోతున్నవారికి వరసగా ఎన్నో పేర్లు వినిపించారు. సొంత పేరు వచ్చినప్పుడు మెదడు తరంగాలు మిగతా పేర్లకంటే బలంగా స్పందించాయి. కొందరు ముందే చెప్పిన ప్రకారం నిద్రలోనే పిడికిలి కూడా బిగించారు. నిద్రపోతున్న మెదడు శబ్దాలను వింటోంది, వడకడుతోంది, అక్కరలేనివాటిని వదిలేస్తోంది. 2016లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మరో సంగతి గమనించారు: కొత్త చోట పడుకున్న మొదటి రాత్రి మెదడు ఎడమ భాగం కుడి భాగం అంత గాఢంగా నిద్రపోదు, అలికిడికి తొందరగా స్పందిస్తుంది. మీరు అడగకుండానే, జీతం లేకుండా ఒక కాపలా నడుస్తోంది. ఇక మీరూ లేచి కూర్చోవడం దేనికి?

అసలు ఇబ్బంది మీ కాపలాతోనే. నిద్ర పట్టిందా అని లోపలి నుంచి పదే పదే చూసుకోవడం, నిద్రపోతున్న మనిషిని తట్టి లేపి ‘నిద్రపోతున్నావా?’ అని అడగడం లాంటిది. డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మనసు చేసే ప్రయత్నమే ఇలా ఎదురు తిరగడం మీద చాలా ఏళ్లు పనిచేశాడు. తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దంటే అదే పదే పదే తలపుకు వస్తుందని 1987లో చూపించింది ఆయనే. 1996లో ఆయన బృందం కొందరికి ‘వీలైనంత తొందరగా నిద్రపోండి’ అనీ, మరికొందరికి ‘మీకు ఎప్పుడు పడితే అప్పుడే’ అనీ చెప్పి పడుకోబెట్టింది. హోరెత్తించే కవాతు సంగీతం వింటున్నప్పుడు, తొందరపెట్టినవారికే నిద్ర మరీ కష్టమైంది. మనసు ఖాళీగా, చుట్టూ నెమ్మదిగా ఉన్నప్పుడు ప్రయత్నం కొంత పనిచేస్తుంది. బుర్రలో హోరు ఉన్నప్పుడు ప్రయత్నమే అడ్డం తిరుగుతుంది. మీ బుర్రలో ఇప్పుడు బాజాలు మోగుతున్నాయి.

కాబట్టి చేయవలసింది చెబుతాను. ఆ వాచీని ముందు తీసి సొరుగులో పెట్టండి. అది మణికట్టు కదలికలను, నాడిని చూసి నిద్రను అంచనా కడుతుంది. మెదడు తరంగాలను చూడదు. కదలకుండా మేలుకుని ఉంటే నిద్ర కింద రాసేస్తుంది. ఈ అంకెల కోసం ఆరాటపడి నిద్ర పాడుచేసుకునేవారు ఎంత ఎక్కువయ్యారంటే, 2017లో అమెరికా నిద్ర నిపుణులు ఆ తీరుకు ఆర్థోసోమ్నియా అని ఒక పేరే పెట్టారు. పడకగదిలో గోడ గడియారం ఉంటే దాన్ని కూడా కనిపించకుండా తిప్పేయండి.

రెండోది వినడానికి తలకిందులుగా ఉంటుంది. దీపం ఆర్పి పడుకుని, కళ్లు తెరిచే ఉంచండి. నిద్రపోవడానికి ప్రయత్నించవద్దు. ‘ఇంకాసేపు మేలుకుని ఉందాం’ అని మెత్తగా అనుకోండి. ఫోను చూడకూడదు, లేచి తిరగకూడదు, చీకట్లో ఊరికే మేలుకుని ఉండాలి. రెప్పలు బరువెక్కితే ‘ఇంకొక్క నిమిషం’ అనుకోండి. వాటంతట అవి వాలిపోతే వాలనివ్వండి. కోరుకున్నదానికి ఉద్దేశపూర్వకంగా ఎదురు తిరగమనే ఈ పద్ధతిని వియన్నా మానసిక వైద్యుడు విక్టర్ ఫ్రాంకల్ ప్రచారంలోకి తెచ్చాడు. 1970ల నుంచి నిద్రలేమి చికిత్సలో వాడుతున్నారు. మీకు ఇది ప్రత్యేకంగా ఎందుకు సరిపోతుందంటే, మీ పోరాటం నిద్ర రాకపోవడంతో కాదు, వచ్చే నిద్రను అనుమానించడంతో. మేలుకోవడమే పని అయినప్పుడు, కాపు కాయవలసిన క్షణం అంటూ ఏదీ మిగలదు.

అయినా చాలాసేపు నిద్ర పట్టకపోయి, మనసు మళ్లీ పాత రాట్నం వడకడం మొదలుపెడితే, మంచం దిగి వేరేచోట కూర్చోండి. మసక వెలుతురులో ఏదైనా చప్పని పని చేసుకుని, కళ్లు మూతలు పడుతున్నప్పుడే తిరిగి పడుకోండి. రిచర్డ్ బూట్జిన్ 1972లో చెప్పిన పద్ధతి ఇది. మంచం అంటే భయపడే చోటు అన్న ముడి మీ మనసులో పడిపోయింది. అది విప్పాలి. రాత్రి ఎలా గడిచినా ఉదయం ఒకే వేళకు లేవండి. పగటి కునుకులు వద్దు. మేలుకున్న ప్రతి గంటా మెదడులో నిద్ర ఒత్తిడి పేరుకుంటూ పోతుంది. 1982లో అలెగ్జాండర్ బోర్బెలీ ప్రతిపాదించిన నమూనాలో సగం ఇదే, మిగతా సగం శరీరంలోని పగలూ రాత్రీ గడియారం. మొదటి రోజులు బడలికగా ఉంటాయి. ఓర్చుకోండి, ఆ బడలికే రాత్రికి మీ తరఫున పనిచేస్తుంది. బడలిక మరీ ఎక్కువగా ఉన్న రోజు మాత్రం బండి నడపకండి.

ప్రశ్నలను అణచుకోమని నేను చెప్పడం లేదు. అవి మంచి ప్రశ్నలు. వాటికి చోటు మంచం కాదు, అంతే. సాయంత్రం వెలుతురు ఉండగానే కాసేపు కూర్చుని కాగితం మీద రాయండి: ఏమి జరుగుతుందని భయం, ఇన్నేళ్లలో ఎన్ని రాత్రులు పడుకుని లేచారు, వాటిలో ఎన్నిసార్లు మీరు మీరు కాకుండా లేచారు. రాత్రి అదే ఆలోచన వస్తే, ‘దీనికి రేపు సాయంత్రం వంతు’ అని పక్కన పెట్టండి.

నిద్రమాత్రల విషయం. మీ అంతట మీరు కొని వేసుకోవద్దు. స్నేహితుడి దగ్గరున్నవి అసలే వద్దు. కొన్నిటికి అలవాటు పడతారు, మానేటప్పుడు నిద్రలేమి రెట్టింపై తిరిగి వస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, మీ భయం మొదలైందే మందు వల్ల స్పృహ పోవడంతో. రోజూ రాత్రి మందుతో ఆ అంచు దాటడం మీకు ధైర్యం ఇస్తుందని నేను అనుకోను. పాతబడిన నిద్రలేమికి మొదట ఇవ్వవలసింది మాత్రలు కాదనీ, నిద్ర కోసం రూపొందించిన ప్రవర్తనా చికిత్స అనీ 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ అనే వైద్యుల సంఘం కూడా సిఫారసు చేసింది. పైన చెప్పినవాటిలో చాలా భాగం దానిలోనివే. కొన్ని వారాలు నిజాయితీగా పాటించినా మార్పు లేకపోతే, లేదా పగలు కూడా భయం వెంటాడుతుంటే, దేని మీదా ఆసక్తి లేకుండా పోతుంటే, క్లినికల్ సైకాలజిస్టును గానీ మానసిక వైద్యుడిని గానీ కలవండి. ఆపరేషన్ బల్ల దృశ్యం పదే పదే కళ్లముందుకు వస్తుంటే ఆ సంగతి వాళ్లకు తప్పక చెప్పండి. దాని చికిత్స వేరు.

చివరగా మీ ఆవిడ నవ్వుతూ చెప్పిన గురక. మీరు దాన్ని తగాదాలో భాగంగా రాశారు కానీ, నేను దాన్ని అంత తేలిగ్గా వదలలేను. గురక మధ్యలో శబ్దం ఆగిపోయి, కొన్ని సెకన్లు ఊపిరి నిలిచి, మళ్లీ గుటక వేసినట్లు పెద్ద శబ్దంతో మొదలవుతోందా అని ఆవిడను రెండు మూడు రాత్రులు గమనించమనండి. పొద్దున తలనొప్పి, నోరు పిడచగట్టడం, పగలు కూర్చున్నచోటే కునికిపాట్లు ఉన్నాయేమో మీరు చూసుకోండి. ఉంటే అది స్లీప్ ఆప్నియా కావచ్చు. నిద్రలో గొంతు దారి మూసుకుపోవడం వల్ల ఆక్సిజన్ తగ్గి, గుండె దడతో ఉలిక్కిపడి లేవడం అందులోనూ ఉంటుంది. మీరు చెప్పిన కుదుపుల్లో కొన్ని అవే అయినా ఆశ్చర్యం లేదు. ఛాతీ వైద్యుడిని గానీ చెవి-ముక్కు-గొంతు వైద్యుడిని గానీ కలిస్తే నిద్ర పరీక్ష రాస్తారు. ఒక రాత్రి మెదడు తరంగాలు, శ్వాస, ఆక్సిజన్, గుండె అన్నీ కలిపి నమోదు చేస్తారు. మీరు నిజంగా ఎంతసేపు నిద్రపోతున్నారో, ఎంతసేపు మేలుకుంటున్నారో ఆ కాగితం మీద తేలిపోతుంది. ఆవిడను కూడా వెంట తీసుకెళ్లండి, గురక గురించి డాక్టరు అడిగే ప్రశ్నలకు జవాబులు ఆవిడ దగ్గరే ఉంటాయి.